ఒక్క పొంగు నీళ్ళు

కాంపౌండరుగారు పోయారన్న కబురు నాకు కొట్లోనే తెలిసింది. కాకినాడ నుంచి ఎండుచేపలు తెచ్చి మా వీధి చివర అమ్ముకునే ఆవిడ ఉప్పూ పసుపూ కొనడానికి వచ్చి, నేను తక్కెడ పట్టుకుని ఉండగా చెప్పింది. ముల్లు మధ్యకి వచ్చేదాకా ఆగి, పొట్లం కట్టి ఇచ్చి, అప్పుడు అయ్యో అన్నాను. నిజం చెప్పాలంటే అంతకుముందే నా మనసులో ఇంకో మాట మెదిలింది: ఇక ఈ చుట్టుపక్కల నాకంటే తెలిసినవాడు లేడు.

ఆ సంతోషం లోపలికి వెళ్ళి మా ఆవిడకి చెప్పేదాకా నిలిచింది. ఆవిడ చేతిలో చేట పక్కన పెట్టి, గడపకి ఆనుకుని కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను కొట్లోకి వచ్చి ఇద్దరు బేరగాళ్ళని పంపించి మళ్ళీ తొంగిచూశాను. ఇంకా అలాగే కూర్చుని ఉంది. నేను పోయినా ఇంతసేపు కూర్చుంటుందా అనుకున్నాను. సిగ్గులేని ఆలోచనే. కాని ఆయన గురించి రాయాలంటే నేను ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. పన్నెండేళ్ళ పాటు ఆ మనిషిని చూసీ తలుచుకునీ కుళ్ళుకున్నాను.

పెద్దాపురంలో మా కొట్టుకి నాలుగిళ్ళ అవతల ధర్మాసుపత్రి. ఆయన అందులో మందులు కలిపే ఉద్యోగి. సముద్రపు ఒడ్డున చేపలు పట్టే ఇంట్లో పుట్టి, మిషను బడిలో చదువుకుని, ఆదివారం ఉతికిన కోటు వేసుకుని ప్రార్థనకి వెళ్ళే మనిషి. ఆయనకో పేరుంది. ఊళ్ళో ఎవరూ దానితో పిలవలేదు, నేనూ రాయను.

సన్నగా, పొడుగ్గా ఉండేవారు. ఎడమ కన్ను సగం మూసి మాట్లాడేవారు. ఏళ్ళ తరబడి కంటికి ఆనని వాటిని పెద్దవి చేసి చూపే ఇత్తడి అద్దాల గొట్టంలోకి ఒంటికన్నుతో చూసి చూసి ఆ కన్నుకి అది అలవాటైపోయింది. సంగతి తెలియక మొదట్లో మా వీధి ఆడవాళ్ళు కొంగులు సర్దుకుని పక్కకి తప్పుకునేవాళ్ళు. ఒకాయన కర్ర పట్టుకుని ఆసుపత్రి దాకా వెళ్ళాడు. అదే కన్ను తన వైపు చూసి కూడా మూతపడేసరికి, అరుగు మీద కాసేపు కూర్చుని, దగ్గుమందు పుచ్చుకుని తిరిగొచ్చాడు. నాకు మటుకు చాలాకాలం అనుమానం తీరలేదు.

ఆయన బేరమాడేవారు కాదు. ఇది చిన్న సంగతి అనుకోకండి. నేను చెప్పే మొదటి ధరలో దిగడానికి నాలుగు మెట్లుంటాయి. కొనేవాడు ఒక మెట్టు దించుతాడు, నేను తల్లి మీద ఒట్టు పెడతాను, అతను వీధిలోకి నడుస్తాడు, నేను వెనక్కి పిలుస్తాను. అది ఇద్దరికీ మర్యాద. ఈయన వచ్చి ధర అడిగి, అడిగినంతా ఇచ్చి, సరుకు పుచ్చుకుని వెళ్ళిపోయేవారు. ఆయన వెనకాల నేను దొంగలా నిలబడిపోయేవాణ్ణి. ఆఖరికి విసిగిపోయి ఆయనకి మటుకు చివరి ధరే ముందు చెప్పడం మొదలుపెట్టాను. నోరు విప్పకుండా నన్ను అంత దించినవాడు మా బజారులో ఇంకొకడు లేడు.

ఇంకొకటి. కొట్లో పుట్టి పెరిగినవాడి నోట తెలియదు అన్న మాట రాదు. సరుకు లేకపోతే రేపొస్తుందంటాం. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకపోతే బందరు సరుకంటాం. కాంపౌండరుగారు రోజుకి పదిసార్లు ‘తెలియదండి’ అనేవారు. అదీ ఎలాగ, అరుగు మీద దుమ్ము దులిపినంత తేలిగ్గా. చిత్రమేమిటంటే ఆ మాట విన్నవాళ్ళు ఆయన్ని మరింత నమ్మేవాళ్ళు. అన్నీ తెలుసన్న నన్ను నమ్మేవాళ్ళు కాదు.

ఆ అద్దాల గొట్టం కాకినాడ నుంచి అప్పుడప్పుడు వచ్చే పెద్ద డాక్టరుగారు పాతదని వదిలేసినది. సంత రోజున ఈయన దాన్ని ఆసుపత్రి వసారాలో, ఎండ పడే చోట బల్ల మీద పెట్టి, కింద చెరువు నాచు నీళ్ళ చుక్క వేసి, చూస్తామన్న వాళ్ళకల్లా చూపించేవారు. మా అమ్మ మోకాళ్ళకి తైలం తేవడానికి మా ఆవిడ బయల్దేరింది. ఆ కన్ను సంగతి తెలుసు కనక నేనూ వెంట వెళ్ళాను.

ముందు నన్ను చూడమన్నారు. చూశాను. ఏమైనా కనిపించిందా అంటే, ఎందుకు కనిపించదు, నల్లగా సన్నగా దువ్వినట్టు బోలెడున్నాయన్నాను.

“అవి మీ కనురెప్ప వెంట్రుకలండి, శెట్టిగారూ,” అన్నారాయన, ఎంతో మర్యాదగా. వసారాలో ఉన్న సంతజనం అందరూ నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు కాని, నన్ను పక్కకి జరిపి తను వంగింది. చాలాసేపు లేవలేదు.

“ఒలికిన అంబలిలాగుందండి,” అంది. “కదుల్తోంది. కాలు చాపింది. అయ్యో, ఆ కాలేమైపోయింది?”

“దానికి కాళ్ళు లేవమ్మా. ఎటు వెళ్ళాలనుకుంటే అటు ఒళ్ళు చాపుతుంది. మిగతా ఒళ్ళంతా ఆ చాపిన దాంట్లోకి జారిపోతుంది. దాని నడక అదే.”

“మరి నోరెక్కడండి?”

ఆహారం ఎక్కడ తగిలితే అక్కడే నోరన్నారు. చేప చుట్టూ వల చుట్టుకున్నట్టు రెండు పక్కల నుంచీ ఒంటితో చుట్టేసి లోపలికి తీసుకుంటుందట. లోపల ఒక బుడగ ఉబ్బి ఉబ్బి చిట్లుతుంటుందని, వాళ్ళ నాన్న పడవలోకి ఊరిన నీళ్ళు తోడిపోసినట్టు అది ఒంట్లోకి ఊరిన నీళ్ళు బయటికి తోడిపోస్తుందని చెప్పారు. పెరిగాక నిలువునా రెండుగా విడిపోతుంది. ఆ రెంటిలో తల్లేదో పిల్లేదో చెప్పడం ఎవరి వల్లా కాదు. అయితే దానికి ముసలితనమే లేదా అని మా ఆవిడ అడిగింది. నేను చూడలేదమ్మా అన్నారాయన.

ఇంగ్లీషులో దాని పేరు అమీబా అట. మా ఆవిడ ఆ పేరుని పుట్టింటి చుట్టం పేరులా నెలరోజులు తలుచుకుంది. పెనం మీద అట్టు పోస్తే, పిండి జారడం చూసి, అచ్చం ఇలాగేనండి అనేది. అప్పటికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో నేను చెప్పిన సంగతి ఒక్కటైనా ఆవిడ రెండోసారి తలుచుకున్న పాపాన పోలేదు.

మరుసటి సంతకి ఎలాగైనా ఆయన్ని పదిమందిలో పడగొట్టాలని వెళ్ళాను. ఇంతకీ అది మనిషిని ఏం చేస్తుందో చెప్పమన్నాను.

చెరువు నాచులో ఉండేది ఏమీ చెయ్యదన్నారు. దాని బతుకు అది బతుకుతుంది. మనిషి పేగుల్లో ఉండేది వేరే రకం. అందులోనూ కొన్ని ఊరికే ఉండి పోతాయని కొందరు డాక్టర్లు, పేగుని కొరికి నెత్తురు విరేచనాలు పట్టిస్తాయని కొందరు. పెద్దపెద్దవాళ్ళే ఇంకా ఒక మాట మీదికి రాలేదట.

“నెత్తురు పడ్డవాళ్ళలో నేను దాన్ని చూశానండి. అదే చేసిందో, ఊరికే అక్కడుందో, తెలియదండి.”

“తెలియనప్పుడు అందరినీ నీళ్ళు కాచుకోమని ఎందుకు చెప్తారు?”

“కాస్తే చస్తుందని మటుకు తెలుసండి. ఒంట్లోంచి బయట పడేటప్పుడు గుండ్రంగా ముడుచుకుని చుట్టూ గుల్ల కట్టుకుంటుంది. అలా నీళ్ళల్లో చాలా రోజులు పడుంటుంది. ఒక్క పొంగు రానిస్తే గుల్లతో సహా చస్తుంది. ఒక్క పొంగు చాలు.”

నాకు అక్కడ గుచ్చుకుంది. ఎందుకంటే మేం చిల్లగింజలు అమ్ముతాం. కొత్తనీరు ఎర్రగా వచ్చే రోజుల్లో ఆ గింజని కుండ లోపలి గోడకి అరగదీస్తే పూటలో మట్టంతా అడుక్కి దిగి నీళ్ళు అద్దంలా తేరుకుంటాయి. మా తాతల నాటి నుంచీ మా కొట్టు గింజకి పేరు. అంత తేటనీళ్ళలో కూడా ఆ గుల్లలు ఉండొచ్చని ఆయన చెప్పడం నా మొహం మీద చెప్పినట్టే అనిపించింది.

ఆయన నాతో ఒకే ఒక్కసారి బేరమాడారు. ఆషాఢమాసం. మరిడమ్మ జాతరకి ఊరంతా నిండిపోయే రోజులు. ఏటా మా కొట్టు ముందు పందిరి వేసి, దారిన పోయే జనానికి చిల్లగింజతో తేర్చిన నీళ్ళు పోస్తాం. దాహం తీరినవాళ్ళు కొట్టువైపు చూడకుండా పోరన్నది మా పుణ్యంలో ఒక భాగం. ఒకనాటి ఉదయం కాంపౌండరుగారు వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“శెట్టిగారూ, ఈ ఏడు పందిట్లో కాచిన నీళ్ళు పోయించండి.”

జ్వరమొచ్చినవాళ్ళకి పోసే నీళ్ళు జాతరకొచ్చినవాళ్ళకి పొయ్యమంటారా అన్నాను. ఆయన అది విననట్టు, ఎన్ని కుండలు పెడతారని అడిగారు. పన్నెండన్నాను.

“పన్నెండూ కాయించండి.”

“మూడు కాయిస్తాను.”

“పన్నెండండి.”

“సరే, ఆరు. కట్టెలు మీరే చూసుకోవాలి.”

“కట్టెలు నేనే తోలిస్తాను. పన్నెండు.”

ఆయనకి బేరం రాదు. పైనుంచి కిందికి దిగాలన్న సంగతి కూడా తెలియదు. ఎనిమిది అనబోతూ ఉండగా లోపలి నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: “పన్నెండూ కాస్తానని చెప్పండి.”

కాచింది కూడా. ముందురోజు సాయంత్రమే పెరట్లో గంగాళం పెట్టి పొంగించి, కుండల్లో పోసి గుడ్డలు కట్టింది. పొద్దెక్కేసరికి జనం విరగబడ్డారు. పన్నెండు కుండలూ అయిపోయాయి. ఆవిడ మళ్ళీ గంగాళం ఎక్కించి, పొంగు రాగానే దింపించి కుండలు నింపించి, తను వంటింట్లోకి వెళ్ళింది. మిట్టమధ్యాహ్నం. ఆ నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. జనం దోసిలి పట్టి, చటుక్కున విదిలించి, వేన్నీళ్ళు పోస్తున్నారేంటి ఈయన అని నవ్వుకుంటూ ఎదురు కొట్టువాళ్ళ పందిట్లోకి పోతున్నారు. ఎదురు కొట్టాయన నన్ను చూసి, ఇవాళ తలంట్లు కూడానా అన్నాడు.

నేను చేసిందేమిటంటే, స్నానానికి వేన్నీళ్ళలో చన్నీళ్ళు కలుపుకుంటాం కదా, అదే. కొట్లో మా వాడకానికి చిల్లగింజ వేసి తేర్చిన నీళ్ళ బాన ఒకటుంటుంది. అందులోంచి ఒక్కో కుండకి నాలుగేసి చెంబులు పోశాను. కాచినవి కాచినవే, కాస్త చల్లారాయి అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. వేన్నీళ్ళలో పడ్డాక చన్నీళ్ళు కూడా కాచినట్టే అయిపోతాయని మా ఇళ్ళల్లో ఎవరిని అడిగినా చెబుతారు.

పొద్దు వాలాక మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి చెంబు ముంచుకుని తాగింది. “చూశారా, కాచినవి చప్పగా ఉంటాయన్నారు. ఎంత చల్లగా ఉన్నాయో,” అని ఇంకో చెంబు ముంచుకుంది. చెప్పడానికి నోరు తెరిచాను. ఆవిడ మొహంలో వెలుగు చూసి మూసేశాను. ఆ వెలుగు నా కోసం వచ్చింది కాదు మరి.

మూడు వారాలకి ఆవిడకి నెత్తురు విరేచనాలు పట్టుకున్నాయి. నాలుగు రోజుల్లో మంచానికి అంటుకుపోయింది. నేను మారేడు గుజ్జు, దానిమ్మ తొక్క, కొట్లో ఉన్నవన్నీ పెట్టాను. ఐదో రోజున ఆవిడే అంది, కాంపౌండరుగారిని పిలవమని.

ఆయన వచ్చి గుమ్మం బయటే నిలబడి అడగవలసినవి అడిగారు. తరవాత విరేచనం కొంచెం చిప్పలో పట్టుకెళ్ళి, గంటలో పరుగున తిరిగొచ్చారు. అదే ఉందని, కదులుతోందని, దాని కడుపులో ఈవిడ నెత్తుటి రేణువులు కనిపించాయని చెప్పారు. ఊరికే ఉండేదైతే నెత్తురు తినదు కదండీ అని తనలో తను అనుకున్నట్టు అన్నారు. వాంతి తెప్పించే ఏదో వేరుపొడి ఇచ్చి, కదలకుండా పడుకోబెట్టమని చెప్పి, తాగడానికి ఏ నీళ్ళు వాడారని అడిగారు.

“మీరు చెప్పినట్టే కాచినవేనండి,” అంది మా ఆవిడ, గొంతు లేకపోయినా. “జాతర మొదలైన దగ్గర నుంచీ వేరే చుక్క ముట్టలేదు.”

“పొంగు వచ్చిందామ్మా?”

“నా కళ్ళతో చూశానండి.”

ఆయన నా వైపు తిరిగారు. ఎడమ కన్ను పూర్తిగా తెరిచి ఉండడం నేను చూసింది అప్పుడే.

“కాచాక అందులో ఏమైనా కలిపారా, శెట్టిగారూ?”

మా ఆవిడ కూడా నా వైపే చూస్తోంది. ఆయన మాట నమ్మి మంచాన పడిన మనిషి ముందు, అలా పడేసింది నేనని ఒప్పుకోవాలి. ఆయన ముందు ఇంకో మెట్టు దిగాలి.

“లేదండి,” అన్నాను.

బేరమాడని మనిషి కదా. నేను చెప్పింది చెప్పినట్టు పుచ్చుకున్నారు. “అయితే నాకు తెలిసింది తప్పన్నమాట,” అన్నారు మెల్లగా. “ఒక్క పొంగుకి చావదు.”

మా ఆవిడ బతికింది. ఆయన ఇచ్చిన పొడితోనే బతికింది. కాని ఆ రోజు నుంచి కాంపౌండరుగారు జనానికి చెప్పే మాట మారిపోయింది. పొంగించి దించండి, మళ్ళీ పొంగించండి, మళ్ళీ. మూడు పొంగులు. ఆసుపత్రి వసారాలో ఒక కూలి మనిషి బిడ్డని చంకనేసుకుని, అన్నం ఉడకడానికే కట్టెలు చాలవు, నీళ్ళకి మూడు పొంగులంటే ఎక్కణ్ణించి తెచ్చేది బాబూ అనడం నేను విన్నాను. అంతకుముందు ఒక్క పొంగు కాచుకునేవాళ్ళు కూడా, చేస్తే మూడూ చెయ్యాలిట, మన వల్ల కాదని మానేశారు. జనం తనని నమ్మడం తగ్గిందని ఆయన చిన్నబుచ్చుకున్నట్టు నాకైతే కనిపించలేదు. కనిపించి ఉంటే బాగుండునని మటుకు అప్పట్లో అనుకునేవాణ్ణి. ‘కాచిన నీళ్ళు తాగే మా ఆవిడ మంచాన పడింది’ అని బజారులో నేనే నలుగురికి చెప్పాను కూడా.

రెండేళ్ళకి ఆయనకి కాకినాడ బదిలీ అయింది. మా వంటింట్లో మటుకు మూడు పొంగులు ఆగలేదు. తొమ్మిదేళ్ళుగా రోజూ సాయంత్రం మొదటి పొంగుకి మూత ఎగరడం, ఆవిడ దించడం, మళ్ళీ ఎక్కించడం కొట్లో కూర్చుని వింటూనే ఉన్నాను. మూడోది వచ్చేదాకా నాకు లెక్కలు కుదిరేవి కావు.

కబురు తెలిసిన మర్నాడు మా ఆవిడ, మీరు వెళ్ళి రండి అంది. సామర్లకోట దాకా బండి మీద, అక్కణ్ణించి కాలువ పడవలో వెళ్ళాను. కాకినాడ చివర, వలలు ఆరేసుకునే వీధిలో వాళ్ళ ఇల్లు. ఆయన మా ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆయన భార్య ఈ ఇంట్లోనే ఉండేది, నన్నెప్పుడూ చూడలేదు. ఊరూ కొట్టూ చెబితే, చిల్లగింజల శెట్టిగారా అంది. పెరట్లో కుండ పొయ్యి మీద ఉంది. మాట్లాడుతూనే లేచి, పొంగు రాగానే దించి, కాసేపాగి మళ్ళీ ఎక్కించింది. మూడోసారి ఎక్కించబోతుంటే నా వల్ల కాలేదు.

“ఒక్క పొంగు చాలునమ్మా.”

“ఆయన మూడు చెప్పారండి.”

అప్పుడు చెప్పాను, పందిరి దగ్గర నుంచి, నాలుగేసి చెంబులు, నేనన్న ‘లేదు’, అన్నీ. ఆవిడ కుండ పట్టుకునే నిలబడి వింది. తిట్టలేదు. ఈ వీధిలో కూడా మూడంటే చెయ్యలేక అందరూ మానేశారని, ఏటా వానల్లో నెత్తురు పడి ఒకళ్ళో ఇద్దరో పోతున్నారని, ఆయన ప్రతిసారీ, నేను సరిగ్గా చెప్పలేకపోతున్నాననేవారని చెప్పింది. తరవాత అడిగింది:

“అప్పుడు అబద్ధం చెప్పానంటున్నారు. ఇప్పుడు చెప్పేది నిజమని నేనెలా నమ్మేదండి?”

కొట్టువాణ్ణి. ఒట్లు బోలెడున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

“మీ ఇంట్లో ఆవిడకి చెప్పారా?”

లేదన్నాను. ఈసారి అది నిజమైన లేదు.

“ముందు ఆవిడకి చెప్పండి. మంచాన పడింది ఆవిడ కదండీ. ఆవిడ ఒక్క పొంగు నీళ్ళు తాగిందని కబురొస్తే, నేను ఈ వీధిలో ప్రతి గుమ్మానికీ వెళ్ళి చెప్తాను.” అని మూడోసారి కుండ ఎక్కించింది.

పడవలో తిరిగొస్తూ నాలో నేను చాలా బేరాలాడాను. ఎదురు కొట్టాయన కలిపాడని చెబుదామా అనుకున్నాను. సగం చెబుదామా అనుకున్నాను. సామర్లకోట రేవు దగ్గరికి వచ్చేసరికి నా దగ్గర ఇంకే ధరా మిగలలేదు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రం. మొదటి పొంగు వస్తోంది. వంటింటి గుమ్మంలో నిలబడి మొత్తం చెప్పాను. ఆవిడ నా వైపు తిరగలేదు. మూత ఎగిరెగిరి పడుతోంది. చివరికి కుండ దించింది, మళ్ళీ ఎక్కించలేదు. పొయ్యిలో కట్టె బయటికి లాగి నీళ్ళు చల్లింది.

“నా బాధ మీరు కలిపారని కాదు,” అంది. “తెలియక కలిపారు. ఆయన అడిగినప్పుడు నేను మీ మొహం కేసే చూస్తున్నాను. మీరు లేదంటే, ఆయన మాటే తప్పయి ఉంటుందని నేనూ అనుకున్నాను. తొమ్మిదేళ్ళు.”

నీళ్ళు చల్లారాక ముందు నాకో చెంబు ఇచ్చింది. నేను తాగాక తను తాగింది. తెల్లారాక, కాకినాడకి కబురు నేనే తీసుకెళ్తానన్నాను. కనీసం అదైనా నా చేతుల మీదుగా జరగాలని నాకు ఉండింది.

ఆవిడ అప్పటికే బండివాణ్ణి పిలిపించి, చీర కుచ్చెళ్ళు సర్దుకుంటోంది.

“వద్దులెండి. మీరు తీసుకెళ్తే దారిలో ఏమైనా కలుపుతారు,” అంది. “నేనే వెళ్తాను.”

పెళ్ళయ్యాక పుట్టింటికి తప్ప ఎక్కడికీ ఒంటరిగా వెళ్ళని మనిషి బండెక్కి కూర్చుంది. నా పనుల మీద ఎన్నడైనా ఇంత దూరం వెళ్ళేదా అనుకున్నాను. బండి మలుపు తిరిగాక కొట్టు తెరిచాను. మొదటి బేరగాడు వచ్చి చిల్లగింజలు అడిగాడు. ఇచ్చి, తేరాక ఒక్క పొంగు కాచుకోవాలని చెప్పాను.

ఎవరు చెప్పారండీ అన్నాడు.

నేనే అనడానికి నోరు తెరిచాను.

“కాంపౌండరుగారు,” అన్నాను.